టూర్‌లో అంత కలిసిపోయిన పిల్లలు స్కూల్‌కి రాగానే ముఖం తిప్పేసుకుంటున్నారు

చాక్‌పీస్_ముక్క
తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్‌ని. మా క్లాసులో నలుగురు అబ్బాయిల బ్యాచ్ ఒకటుంది. కొట్లాటలు, క్లాసులు ఎగ్గొట్టడం, టీచర్లకు ఎదురు చెప్పడం. టూర్‌కి వాళ్ళని తీసుకెళ్ళొద్దని మీటింగ్‌లో దాదాపు అందరూ అన్నారు. నా పూచీ మీద తీసుకెళ్తానని పట్టుబట్టాను.

వెళ్ళాక చూస్తే వేరే మనుషులు. క్లాసులో పేరు పిలిస్తే పలకనివాడు ఒకడున్నాడు. రాత్రి బస్సులో అందరూ పడుకున్నాక వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. నావైపు ఒక్కసారి కూడా తిరగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఇంట్లో సంగతులన్నీ చెప్పాడు. ఇంకొకడు కొండ ఎక్కేటప్పుడు, కాలు మడతపడిన పిల్లాడి బ్యాగు తీసుకుని ఛాతీ మీద తగిలించుకున్నాడు. వీపు మీద తన బ్యాగు. అలాగే పైదాకా మోశాడు. మొయ్యమని ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చాం. సోమవారం క్లాసులోకి వెళ్ళి నవ్వితే బస్సులో మాట్లాడినవాడు తల దించేసుకున్నాడు. బ్యాగు మోసినవాడు హోంవర్కు అడిగితే ఇదివరకటికంటే గట్టిగా ఎదురు చెప్పాడు. స్టాఫ్‌రూమ్‌లో ఒకటే మాట: "చెప్పాం కదా, నెత్తికెక్కించుకున్నారు, ఇక దిగరు."

అక్కడ చూసింది నిజమా, ఇక్కడ చూస్తున్నది నిజమా? ఇప్పుడేం చేయాలి?

గంట_కొట్టేలోపు
రెండూ నిజమే. స్టాఫ్‌రూమ్‌లో మీరు, క్లాసులో మీరు ఒకేలా ఉంటారా?

వెనకబెంచీ_వీరుడు
నేను టీచర్‌ని కాదు. ఒకప్పుడు మీ నలుగురి లాంటివాణ్ణి. ఆ బస్సు కుర్రాడి తరఫున చెప్తాను.

వాడు బస్సులో మాట్లాడింది ఒక్క మీతో. సోమవారం మీరు నవ్వింది క్లాసంతా చూస్తుండగా. ఆ నవ్వుకి వాడు నవ్వితే ఇంటర్వెల్‌లో "ఏరా, టీచర్ పెట్‌వి అయిపోయావా" అని మొదలెడతారు. వాడికి ఆ స్కూల్లో ఉన్న ఆస్తల్లా ఆ పేరే. దాన్ని ఒక్క నవ్వు కోసం వదులుకోడు. పైగా చెప్పినవన్నీ గుర్తొచ్చి సిగ్గుగా కూడా ఉంటుంది, ఎందుకు చెప్పానా అని. మిమ్మల్ని చూస్తే ఆ సిగ్గే ముందు గుర్తొస్తుంది.

ఎదురు చెప్పినవాడి సంగతి ఇంకా సులువు. పరీక్ష పెడుతున్నాడు. అక్కడ మంచిగా ఉన్న టీచర్ ఇక్కడ కూడా ఉంటుందా, లేకపోతే టూర్ అయిపోయింది కాబట్టి పాత కథేనా అని.

లెక్కల_మాస్టారు
అందరూ ఆ నలుగురి మనసులో దూరి చూస్తున్నారు, బాగుంది. మిగతా ముప్పై ఆరుమంది మనసులో ఏముందో ఎవరూ అడగరేం?

ఏడాదంతా అల్లరి చేసినవాడికీ, ఏడాదంతా బుద్ధిగా ఉన్నవాడికీ ఒకే టూర్, ఒకే సీటు. పైగా అల్లరి చేసినవాడికి టీచర్ పక్క సీటు. దీనివల్ల క్లాసు నేర్చుకున్న పాఠం ఏమిటి?

ఇద్దరాడపిల్లల_అమ్మ
మాస్టారూ, ఆ ముప్పై ఆరుమందిలో ఒకర్తి మా ఇంట్లో ఉంది. వేరే స్కూలే అనుకోండి.

మా పెద్దది నోరు విప్పి మాట్లాడే రకం కాదు. పోయినేడు టూర్‌కి వెళ్ళొచ్చి బ్యాగు కూడా దించకుండా అంది, "అమ్మా, మా మేడమ్ నాతో మాట్లాడాలంటే నేను కూడా ఏదైనా పగలగొట్టాలేమో." నవ్వుతూనే అంది కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టూర్ అంతా ఆ మేడమ్ గొడవ పిల్లల చుట్టూనే తిరిగారట. తప్పు పట్టడం లేదు, కానీ చూడండి.

చాక్‌పీస్_ముక్క
అమ్మగారూ, మీ మాట గుచ్చుకుంది. మా క్లాసులో కూడా అలాంటి ఆడపిల్లలు కిటికీ వరసలో ఉన్నారు.

మాస్టారూ, టూర్ బహుమతి అని నేను అనుకోవడం లేదు. బహుమతి అయితే మార్కుల లిస్టు చూసి మొదటి పదిమందిని తీసుకెళ్తే సరిపోతుంది కదా.

మాట_సాయం
స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

ముందు బస్సు సంగతి. ఈ వయసు పిల్లలు ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు నాన్నా, ఏంటి ప్రాబ్లమ్" అంటే నోరు మూసేస్తారు. ఎదురుగా కూర్చోవడమంటే వాళ్ళకి విచారణ. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు, చీకట్లో, కళ్ళలోకి చూడక్కర్లేనప్పుడు మాట వస్తుంది. ఆ వీలు టూర్‌లో దానంతట అదే దొరుకుతుంది. క్లాసులో మనం కల్పించాలి.

రెండోది, పెద్దవాళ్ళ తోడు గురించి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం దశాబ్దాలపాటు గమనించింది. వాళ్ళలో దాదాపు మూడో వంతు మంది పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక జబ్బు లాంటి కష్టాల మధ్య పెరిగినవాళ్ళు. వాళ్ళలో కూడా మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలా నిలబడ్డవాళ్ళ జీవితాల్లో తరచూ కనిపించింది ఏమిటంటే, అమ్మానాన్నలే కానక్కర్లేదు, తమని పట్టించుకునే ఒక స్థిరమైన పెద్ద మనిషి. కుటుంబం బయట అలాంటివాళ్ళెవరని అడిగితే టీచర్ల పేర్లు చాలామంది చెప్పారు. ఇందులో "స్థిరమైన" అన్నదే అసలు ముక్క. టూర్ అయ్యాక కూడా ఉన్నవాళ్ళు.

కాబట్టి మేడమ్, మీరు సోమవారం క్లాసులో నవ్వు ఎదురుచూడకండి. హోంవర్కు తేలేదని ఇదివరకు ఏ శిక్ష వేసేవారో అదే వేయండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. సాయంత్రం కారిడార్‌లో కనిపిస్తే "కాలు మడతపడ్డవాడు ఎలా ఉన్నాడ్రా" అని ఒక్క మాట. అంతే.

గంట_కొట్టేలోపు
"కాస్త పెద్ద పోస్టు" అంటే పారిపోదామనుకున్నా, మొత్తం చదివించేశారు.

లైబ్రరీ_తాళాలు
కౌన్సెలర్ గారు చెప్పినదానికి రెండో వైపు కూడా ఉంది. 1939లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక పెద్ద కార్యక్రమం మొదలెట్టారు. దారి తప్పుతారేమో అనుకున్న మగపిల్లలకు ఏళ్ళ తరబడి సలహాలు, ట్యూషన్లు, వైద్యం, వేసవి క్యాంపులు. జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు సుమారు 30 ఏళ్ళ తర్వాత వాళ్ళని వెతికి చూస్తే, సాయం అందినవాళ్ళ పరిస్థితి అందనివాళ్ళకంటే మెరుగ్గా లేదు, కొన్ని విషయాల్లో ఇంకా అధ్వానం. ఎందుకా అని తవ్వితే, ఆ నష్టం ఎక్కువగా కనిపించింది ఒకసారికి మించి వేసవి క్యాంపులకు వెళ్ళిన పిల్లల్లో!

1999లో ఆవిడా, థామస్ డిషన్, ఇంకొకరూ కలిసి రాసిన వ్యాసంలో దీని సంగతి ఉంది. గొడవ పిల్లలందరినీ ఒకచోట చేరిస్తే వాళ్ళు ఒకరి గొప్పలకి ఒకరు నవ్వి, ఆ నవ్వుతోనే ఒకరికొకరు తప్పుడు పనులు నేర్పుకుంటారని.

లెక్కల_మాస్టారు
చూశారా! నేను గొంతు చించుకుంటున్నది ఇదే. వద్దు, వాళ్ళని తీసుకెళ్ళొద్దు.

లైబ్రరీ_తాళాలు
మాస్టారూ, అది అలా రాదు. దాన్నిబట్టి తేలేది వాళ్ళని "ఒక గుంపుగా" తీసుకెళ్ళొద్దని. మిగతా పిల్లల మధ్య కలిపి తీసుకెళ్తే ఆ నవ్వు దొరకదు. మీరు చెప్పినట్టు వదిలేసి వెళ్తే ఖాళీ స్కూల్లో ఆ నలుగురే కూర్చుంటారు. అప్పుడే పక్కా క్యాంపు.

గంట_కొట్టేలోపు
లెక్క తప్పింది మాస్టారూ 😄

లెక్కల_మాస్టారు
లెక్క తప్పలేదు, స్టెప్పు ఒకటి ఎగిరింది. మార్కులు కొయ్యకండి.

విజిల్_సార్
పీఈటీని. టూర్లకి ఇన్‌ఛార్జి ఎప్పుడూ మనమే కదా, కాబట్టి నా అనుభవం.

బ్యాచ్‌ని విడగొట్టాలి, కానీ వాళ్ళకి తెలిసేలా విడగొట్టకూడదు. "నువ్వు ఇటు, నువ్వు అటు" అని పేర్లు పిలిచి విడదీస్తే దారంతా ఒకరికొకరు సైగలే. క్లాసు మొత్తానికీ చీటీలు తీయిస్తాను. గుంపులు మారతాయి, నామీద కోపం ఉండదు. రూముల విషయంలో మాత్రం ఒక్క స్నేహితుణ్ణి తోడు ఉంచుతాను. కొత్త చోట రాత్రిపూట ఎవరూ తెలియనివాళ్ళ మధ్య పడుకోబెడితే భయమే గొడవగా బయటికి వస్తుంది.

ఇక పని. గొడవ చేసేవాణ్ణి "లీడర్"ని చేయడం చాలామంది చేసే పని. వద్దు. మనుషుల మీద అధికారం ఇస్తే వాడు పోలీసు అవుతాడు, లేదా వాడి దోస్తులు వాణ్ణి వెలేస్తారు. వస్తువు అప్పగించండి. ఫస్ట్ ఎయిడ్ బాక్సు, తాడు, తలలు లెక్కపెట్టే కాగితం. వస్తువు ఎవరికీ శత్రువు కాదు. బ్యాండేజీ ఎక్కడుందో తనకి ఒక్కడికే తెలుసు అన్నప్పుడు వాడి నడకే మారిపోతుంది, చూడాలి మీరు.

లైబ్రరీ_తాళాలు
విజిల్ సార్ మాటకి పాత సాక్ష్యం ఉంది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది పిల్లలతో ఒక క్యాంపు పెట్టాడు. పదకొండేళ్ళవాళ్ళు. రెండు జట్లు చేసి పోటీలు పెడితే జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. తర్వాత ఊరికే కలిపి సినిమా చూపించినా, ఒకచోట భోజనం పెట్టినా తగ్గలేదు. మంచినీళ్ళ ట్యాంకు పనిచేయనప్పుడు, ట్రక్కు కదలకపోతే అందరూ కలిసి తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు, అంటే అందరికీ కావాల్సిన పని అందరూ కలిస్తేనే అయ్యేలా ఉన్నప్పుడు, మెల్లగా కలిశారు.

(ఆ ఇబ్బందులన్నీ వెనకనుంచి వాళ్ళే ఏర్పాటు చేశారు, పిల్లలకి చెప్పలేదు. ఇవాళ ఎవరైనా అలా చేస్తే పేరెంట్స్ మీటింగ్‌లో తల ఎత్తుకోలేరు.)

స్టాఫ్‌రూమ్_మూల
అంతా బాగుంది కానీ ఒక మాట అడగనా? మనం టీచర్లమా, అమ్మానాన్నలమా? టూర్‌లో నిద్ర ఉండదు, ఎవరైనా తప్పిపోతారేమోనని ఒకటే టెన్షన్, దానికి తోడు ఇప్పుడు మనసు విప్పించడం కూడా మన డ్యూటీ. తిరిగొచ్చాక సిలబస్ వెనకబడిందని నోటీసు. మెచ్చుకున్నవాడు ఒక్కడు లేడు. ఒక పిల్లాడు కష్టం చెప్పుకున్నాడని నెత్తిన వేసుకుంటే రేపు పదిమంది వస్తారు.

మాట_సాయం
నెత్తిన వేసుకోమని ఎవరూ అనడం లేదు. వినడం వేరు, బాధ్యత అంతా మోయడం వేరు. ఫోన్ నంబర్ ఇవ్వక్కర్లేదు, అర్ధరాత్రి మెసేజ్‌లకు జవాబు ఇవ్వక్కర్లేదు. నిజానికి ఇవ్వకూడదు కూడా. మాట్లాడేదేదో నలుగురు చూసేచోట, స్కూలు వేళల్లో. అది వాడికీ క్షేమం, మనకీ క్షేమం.

హాస్టల్_వార్డెన్
ఇక్కడ ఎవరూ అనని సంగతి ఒకటి. టూర్‌కి వారం ముందు ఉన్నట్టుండి పెద్ద గొడవ చేసే పిల్లలుంటారు. అప్పటిదాకా ఫర్వాలేదనిపించినవాడు కూడా ఆ వారం అద్దం పగలగొడతాడు. "నిన్ను టూర్‌కి తీసుకెళ్ళం" అని మనం అంటాం. వాడికి కావాల్సింది అదే.

కారణం మెల్లగా అడిగితే తెలుస్తుంది. ఇంట్లో డబ్బు కట్టలేరు, ఆ మాట చెప్పడం నామోషీ. లేదా రాత్రి పక్క తడుపుతాడు. పన్నెండు పదమూడేళ్ళు వచ్చినా కొందరికి ఆ ఇబ్బంది ఉంటుంది, అది జబ్బుపడ్డ మనసూ కాదు, బద్ధకమూ కాదు. "పక్క తడుపుతాను, రాను" అని ఏ పిల్లాడూ అనడు. అద్దం పగలగొట్టి చెడ్డపేరు తెచ్చుకోవడమే నయమనుకుంటాడు.

ఒక క్యాంపులో ఒక అబ్బాయి దుప్పటి విప్పనే లేదు. గోడకి ఆనుకుని, బూట్లు కూడా తీయకుండా కూర్చున్నాడు. "నిద్ర రావట్లేదు సార్" అన్నాడు, కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి. అతణ్ణి కదిలించకుండా గదిలో అందరికీ వినపడేలా, "రాత్రి రెండింటికి నేను రౌండ్‌కి వస్తా, బాత్రూమ్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళని లేపుతా, చేయి ఎత్తక్కర్లేదు, తలగడ కిందకి దించి పెట్టుకుంటే చాలు" అని చెప్పాను. తలగడలు మూడు కిందికి దిగాయి.

ఇద్దరాడపిల్లల_అమ్మ
వార్డెన్ గారూ, తలగడ సంగతి చదివి కళ్ళు చెమర్చాయి.

విజిల్_సార్
ఇది నేను కొట్టేస్తున్నా. చెప్పకుండానే.

ఇంకోటి కలుపుతా. తొమ్మిదింటికి లైట్లు ఆర్పేసి "పడుకోండి" అని అరవడం దండగ. ఈ వయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది. పదిన్నర దాకా మెల్లగా మాట్లాడుకోనిస్తే సగం గొడవలు పుట్టవు.

చాక్‌పీస్_ముక్క
ఇక్కడ పూర్తిగా రాయలేదు, కానీ ఇప్పుడు అడగక తప్పదు. బస్సులో చెప్పినవాడు చివర్లో "ఎవరికీ చెప్పకండి మేడమ్" అన్నాడు. నేను ఊ అనలేదు, కాదనలేదు. ఇంట్లో వాళ్ళు విడిపోతున్నారు, వాడు ఎవరి దగ్గర ఉండాలో తేలలేదు. కొట్టడం లాంటిదేమీ చెప్పలేదు. దీన్ని హెడ్‌మాస్టర్‌కి చెప్పాలా?

మాట_సాయం
మీరు రాసినంతలో అది దుఃఖం, ప్రమాదం కాదు. దుఃఖం వాడిది, దాన్ని ఊరేగించే హక్కు మనకి లేదు. చదువు మీద ప్రభావం పడుతోంది, కాస్త చూసీచూడనట్టు ఉండాలి అని హెడ్‌మాస్టర్‌కి చెప్పాలనుకుంటే ముందు వాడినే అడగండి, "ఇంతవరకు చెప్పనా" అని.

అదే ఎవరైనా కొడుతున్నారు, ముట్టుకుంటున్నారు, చచ్చిపోవాలనుంది లాంటి మాట వస్తే కథ వేరు. అప్పుడు రహస్యం లేదు, అదే రోజు పైవాళ్ళకి చెప్పాలి, చాలాచోట్ల చట్టం కూడా అదే చెప్తుంది. అందుకే ఎవరైనా "ఎవరికీ చెప్పనంటే చెప్తా" అని మొదలుపెడితే ముందే అనేయాలి: "నీకు దెబ్బ తగిలే విషయమైతే సాయం చేయగలవాళ్ళకి చెప్తాను, అది నీకు చెప్పే చేస్తాను." దీంతో మాట ఆగిపోతుందని భయపడతాం. చాలాసార్లు ఆగదు.

వెనకబెంచీ_వీరుడు
దీని మీద నాకు ఒక పాత లెక్క ఉంది. ఎనిమిదిలో ఒక టూర్‌లో ఒక సార్‌కి మా నాన్న గురించి చెప్పాను. ఆయన మంచివాడే. స్టాఫ్‌రూమ్‌లో జాలిపడుతూ చెప్పి ఉంటాడు. వారం తిరక్కుండా ఇంకో సార్, నేను బల్ల గీకుతుంటే, క్లాసందరి ముందూ "ఇంట్లో అలా ఉంటే ఇక్కడ ఇలాగే ఉంటార్లే" అన్నాడు.

ఆ తర్వాత స్కూలు వదిలేదాకా ఏ టీచర్‌కీ నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తిట్లు గుర్తులేవు, దెబ్బలు గుర్తులేవు. ఆ "లే" గుర్తుంది.

స్టాఫ్‌రూమ్_మూల
...ఇది మాత్రం మా స్టాఫ్‌రూమ్‌లోనూ జరుగుతుంది. రోజూ.

లెక్కల_మాస్టారు
వీరుడూ, ఆ రెండో సార్ చేసింది నీచం. క్రమశిక్షణ అనేవాణ్ణి నేనే అయినా చెప్తున్నా, క్రమశిక్షణకీ దానికీ సంబంధం లేదు.

అయితే నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆ అమ్మగారి అమ్మాయి సంగతేంటి?

లైబ్రరీ_తాళాలు
రెండు నిమిషాల పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. రేమండ్ వ్లాడ్‌కౌస్కీ అనే సైకాలజిస్టు పేరుతో చెప్తారు. మనకి కష్టంగా ఉన్న పిల్లాడితో వరసగా పది రోజులు, రోజుకి రెండు నిమిషాలు, చదువూ ప్రవర్తనా తప్ప ఇంకేదైనా మాట్లాడటం. మార్కులు, హోంవర్కు, "నువ్వు మంచిగా ఉండాలి" అన్నవి ఆ రెండు నిమిషాల్లో రాకూడదు. గొడవ పిల్లలకే చేయాలని ఎక్కడా లేదు. కిటికీ వరస ఆడపిల్లకి కూడా అవే రెండు నిమిషాలు.

లెక్కల_మాస్టారు
నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో అటెండెన్సుకే ఐదు పోతాయి.

విజిల్_సార్
అటెండెన్సు పిల్లాడి చేత తీయించండి. ఐదూ మిగిలాయి.

చాక్‌పీస్_ముక్క
అప్‌డేట్. కౌన్సెలర్ గారు చెప్పినట్టు క్లాసులో నవ్వడం మానేశాను, అంటే వాళ్ళని చూసి ప్రత్యేకంగా నవ్వడం. నోటుబుక్కుల కట్టలు స్టాఫ్‌రూమ్‌కి మోయడానికి బస్సు కుర్రాణ్ణి పిలిచాను. మెట్లు దిగేదాకా ఏమీ అనలేదు. చివరి మెట్టు దగ్గర "మేడమ్, మీరు ఎవరికైనా చెప్పారా" అన్నాడు. లేదన్నాను. "హెడ్‌మాస్టర్ గారికి పరీక్షల వరకు కాస్త చెప్పనా" అంటే "ఆలోచించి చెప్తా" అన్నాడు, పెద్ద ఆఫీసర్‌లాగా. ఇంకా చెప్పలేదు.

బ్యాగు మోసినవాడు మాత్రం అలాగే ఎదురు చెప్తున్నాడు. నిన్న కూడా బయట నిలబెట్టాను. పిరియడ్ అయ్యాక లోపలికి రమ్మంటే వచ్చాడు, అంతే.

కిటికీ వరసలో ఒకమ్మాయి బొమ్మలు వేస్తుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. నోటుబుక్కు చివరి పేజీల నిండా పక్షులే.

ఇద్దరాడపిల్లల_అమ్మ
ఆ పేజీలు చూశారని ఆ అమ్మాయికి చెప్పారా?

చాక్‌పీస్_ముక్క
"ఈ పక్షి ఏంటి" అని అడిగాను. పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు, రెండోసారి చెప్పించుకున్నాను.

స్టాఫ్‌రూమ్_మూల
ఎదురు చెప్పేవాడి మీద ఆశ వదులుకోండి అందామనుకున్నా. కానీ బయట నిలబెడితే నిలబడ్డాడు, పిలిస్తే లోపలికి వచ్చాడు అంటున్నారు. మా దగ్గరున్నవాడైతే గోడ దూకి ఇంటికి పోతాడు.

గంట_కొట్టేలోపు
మీ వాడికి ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఇవ్వండి, దూకితే వాడికే పనికొస్తుంది.

లెక్కల_మాస్టారు
నవ్వులు చాలు, పని మాట. వచ్చే నెల మా స్కూలు టూర్‌కి నన్నే ఇన్‌ఛార్జి వేశారు, ఈ థ్రెడ్ ఎవరో మా హెడ్‌మాస్టర్‌కి చూపించినట్టున్నారు. రెండు బస్సులు. మా దగ్గర కూడా ఒక బ్యాచ్ ఉంది. చీటీలు తీయిస్తాను, అది ఒప్పుకుంటున్నా. తలలు లెక్కపెట్టే పని వాళ్ళలో ఒకడికి ఇస్తే, వాడు కావాలని తప్పు లెక్క చెప్తే?

విజిల్_సార్
లెక్క వాడిది, బస్సు కదిలించే బాధ్యత మీది. వాడు చెప్పాక మీరూ ఒకసారి లెక్కపెట్టండి, కానీ వాడి వెనక నిలబడి కాదు, బస్సు రెండో చివర నుంచి. ఇద్దరి అంకె కలిస్తే "రైట్" అని వాడి చేతే డ్రైవర్‌కి చెప్పించండి. కలవకపోతే ఇద్దరూ మళ్ళీ లెక్కపెట్టాలి, ఎవరిది తప్పో అడగొద్దు. పేర్ల కాగితం రెండు కాపీలు తీయండి, ఒకటి ఎలాగూ తడిసిపోతుంది.